తిప్పి పంపిన ఒడిబియ్యం

మా అన్న ఒడిబియ్యం పట్టుకుని కోరుట్ల నుంచి సిరిసిల్లకు వచ్చిన రోజే నాకు అర్థమైంది, ఇది నన్ను సాగనంపే ఏర్పాటని.

మా వైపు పెళ్లయిన ఆడబిడ్డకు మూడేళ్లకో ఐదేళ్లకో తల్లిగారు ఒడి నింపుతారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, కొత్త చీర. వాటి కోసం ఆడబిడ్డే తల్లిగారింటికి పోవాలి. పీట మీద కూర్చుని కొంగు పడుతుంది. ఆ బియ్యం మూటగట్టుకుని తన ఇంటికి తెచ్చి, వండి, ఇరుగుపొరుగు వాడకట్టుకంతా పెడుతుంది. బియ్యమే బస్సెక్కి ఆడబిడ్డ ఇంటికి రావడం మామూలుగా ఉండదు. ఆమె ఇక తల్లిగారి గడప తొక్కలేదని అందరూ తీర్మానించుకున్నప్పుడే అట్లా వస్తుంది. మా మేనత్త మంచాన పడ్డప్పుడు మా నాన్న తీసుకుపోయాడు. ఒడి ఖాళీగా పోకూడదని ఆయన అనడం నాకు గుర్తుంది. ఆ బియ్యం వండే లోపే ఆమె పోయింది.

అందుకే మా అన్న, వదిన, చెల్లె ముగ్గురూ ఆటో దిగి, కొత్త తువ్వాల కప్పిన స్టీలు బేసిను పట్టుకుని లోపలికి వస్తుంటే నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

ముందు నా సంగతి చెప్పాలి. నేను బస్సు కండక్టర్‌ను. సిరిసిల్ల నుంచి వేములవాడ, రుద్రంగి మీదుగా కోరుట్లకు, అక్కడి నుంచి జగిత్యాలకు తిరిగే బస్సుల్లోనే నా సగం జీవితం గడిచింది. పుట్టింది కోరుట్ల పక్క పల్లెలో. మా చెల్లెను ఇచ్చింది జగిత్యాలలో. నా కాపురం సిరిసిల్లలో. డ్యూటీ చేస్తూనే చుట్టాలందరినీ పలకరించి వచ్చేదాన్ని. నా నోరు పెద్దదని అందరూ అంటారు. బస్సు నిండా మనుషులున్నప్పుడు చిన్న నోటితో పని జరగదు. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక ఆ నోరు ఇంకా పెద్దదైంది.

అట్లాంటిది ఒక చలికాలం రుద్రంగి దగ్గర "లోపలికి జరుగుండ్రి" అని అరవబోతే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. రెండు మెట్లు ఎక్కితే ఆయాసం. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం, బ్రష్షు గట్టిదేమో అనుకున్నాను. తొడ మీద నల్లటి మచ్చలు, టికెట్ల సంచి తగిలి కమిలిందేమో అనుకున్నాను. ప్రతి దానికీ నా దగ్గర ఒక సమాధానం ఉండేది. నా భర్త సాంచెల కార్ఖానాలో పనిచేస్తాడు. మరమగ్గాలను మేము సాంచెలంటాం. పొద్దంతా ఆ మోతలో ఉంటాడు కాబట్టి ఇంట్లో కూడా మాట తక్కువ. ఆయన ఒకరోజు నా కాలు చూసి, "గిది సంచి దెబ్బ కాదు. రేపు డ్యూటీ బంద్ పెట్టు, రక్తం చూపిద్దాం" అన్నాడు. ఆయన అంత పొడుగు మాట మాట్లాడాడంటే వినాల్సిందే.

సిరిసిల్లలో రక్తం చూసినవాళ్లు కరీంనగర్ పొమ్మన్నారు. కరీంనగర్‌లో చూసినవాళ్లు మా ముఖాల వైపు సరిగా చూడకుండా హైదరాబాద్ పొమ్మన్నారు. అక్కడ నడుము ఎముకలోంచి మూలుగ తీసి పరీక్ష చేసి పేరు చెప్పారు. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా. రక్తాన్ని తయారుచేసే మూలుగలోనే పుట్టే క్యాన్సర్. ఆగకుండా ఎక్కించే మందులు మొదలుపెట్టారు. జుట్టు పోయింది, నోరు పూసింది, అన్నం చూస్తే వాంతి వచ్చేది. మొత్తానికి మూలుగ శుభ్రపడింది. ఇక ఇంటికి పోయి డ్యూటీలో చేరదామనుకుంటుంటే డాక్టరమ్మ నన్నూ నా భర్తనూ గదిలోకి పిలిచింది. జన్యువుల పరీక్ష వచ్చిందని చెప్పింది.

"చూడండమ్మా, పేరు ఒకటే అయినా ఈ జబ్బు అందరిలో ఒక్కలా ఉండదు. చెడ్డ కణాల్లో ఏ జన్యువు మారిందో చూస్తే ఇది ముందు ముందు ఎలా నడుస్తుందో కొంత అంచనా వేయొచ్చు. కొన్ని మార్పులున్నవాళ్లకు చాలావరకు మందులతోనే సరిపోతుంది. ఇంకొన్ని ఉన్నవాళ్లకు తగ్గినట్టే తగ్గి తిరిగొస్తుంది."

"నాదేది మేడమ్?"

"ఎఫ్ఎల్‌టీ త్రీ అనే జన్యువులో మార్పుంది. తిరిగొచ్చే రకం. దానికి తోడు ఎన్‌పీఎం వన్‌లో కూడా మార్పుంటే కొంచెం నయం. అది మీకు లేదు."

చెడిపోవడంలో కూడా మంచిగా చెడిపోవడం ఉంటుందట. అది నాకు రాలేదట. ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. డాక్టరమ్మ నేను భయంతో అట్లా చేస్తున్నానని అనుకుని నీళ్లు ఇచ్చింది.

ఆమె ఓపికగానే విడమరిచి చెప్పింది. ఆ జన్యువు పని, కణానికి పెరగమని చెప్పడం. చెప్పాల్సినప్పుడు చెప్పి ఊరుకోవాలి. నా దాంట్లో లోపల ఒక ముక్క రెండోసారి అచ్చుపడింది. దాంతో అది ఊరుకోవడం మరిచిపోయింది, పెరుగు పెరుగు అని చెబుతూనే ఉంది. నాకు వెంటనే మా టికెట్ మిషన్ గుర్తొచ్చింది. ఒకసారి బటన్ ఇరుక్కుపోయి కథలాపూర్ టికెట్ ఒకదాని వెనుక ఒకటి కొడుతూనే ఉంది. బస్సులో ఎవరూ కథలాపూర్ పోవడం లేదు. అయినా కాగితం అయిపోయేదాకా కొట్టింది. నా ఎముకల్లో జరిగింది అదేనన్నమాట.

నేను అసలు అడగాలనుకున్నది వేరే. నాకు ఒక్కతే బిడ్డ, ఇంటర్ చదువుతోంది. "ఇది మా అమ్మ నాన్నల నుంచి వచ్చిందా మేడమ్? నా బిడ్డకు పోతదా?" అని అడిగాను.

"లేదమ్మా. ఇది మీరు పుట్టాక, పెద్దయ్యాక, మీ ఒక్క కణంలో మొదలైన తప్పు. ఎవరో మీకివ్వలేదు. మీరు ఎవరికీ ఇవ్వరు."

అప్పుడు ఏడ్చాను. ముక్కు చీదుకుంటూ, పెద్దగా, సిగ్గు లేకుండా ఏడ్చాను. జబ్బు పేరు చెప్పిన రోజు కూడా అంత ఏడవలేదు. నాదగ్గరే మొదలై నాదగ్గరే ఆగిపోయేదైతే ఎంత కొట్లాటకైనా నేను సిద్ధం. నా బిడ్డ దాకా పోతుందంటే మాత్రం ఆ గదిలోనే కూలిపోయేదాన్ని.

చేయాల్సింది ఆమె చెప్పింది. మారిన ఆ జన్యువు నోరు మూయించే మాత్ర ఒకటుంది, అది వేసుకోవాలి. మందులు ఇంకా ఎక్కించుకోవాలి. జబ్బు తిరిగొచ్చే లోపు వేరేవాళ్ల మూలుగ కణాలు ఎక్కించాలి. తోడబుట్టినవాళ్లవి కలిస్తే అంతకంటే మేలు లేదు. ఒక్కొక్కరితో కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. నాకు అన్న ఉన్నాడు, చెల్లె ఉంది. ఇద్దరినీ వెంటనే పరీక్షకు పంపమంది.

"ఈ రిపోర్టు నేను ఎన్నాళ్లుంటానో చెప్పిందా?" అన్నాను లేస్తూ.

"మీలాంటి చాలామంది గురించి చెబుతుందమ్మా. మీ ఒక్కరి గురించి చెప్పలేదు."

ఆ మాట నాకు బాగా ఎక్కింది. కోరుట్ల బస్సు వేములవాడలో సగం ఖాళీ అవుతుందని నాకు ఏనాడో తెలుసు. కళ్లు మూసుకుని చెప్పగలను. కిటికీ పక్కన కూర్చున్న ఆ ముసలమ్మ దిగుతుందా దిగదా అంటే మాత్రం ఆమెను అడగాల్సిందే. రిపోర్టు చెప్పేదీ అంతే. నేను దిగనని మనసులో అప్పుడే గట్టిగా అనుకున్నాను.

అన్నకు ఫోన్ చేశాను. మా అన్న పసుపు రైతు. చేనులో ఎంత కష్టమైనా చేస్తాడు గాని ఆస్పత్రి మెట్లు ఎక్కమంటే మేకపిల్లలా గింజుకుంటాడు. "చూద్దాం చెల్లె, నువ్వు దిగులు పెట్టుకోకు" అన్నాడు. వారమైనా చూడలేదు. మళ్లీ చేస్తే పసుపు ఉడకబెడుతున్నామన్నాడు. ఆ తర్వాత ఆరబెడుతున్నామన్నాడు. మా చెల్లె, మరిది జగిత్యాల బస్టాండు దగ్గర టిఫిన్ బండి నడుపుతారు. చెల్లె అడిగినప్పుడల్లా "అన్నను ఒకమాట అడిగి చెప్తక్కా" అనేది.

అసలు సంగతి నా భర్త చల్లగా బయటపెట్టాడు. నేను హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఈయన రిపోర్టు ఫొటో తీసి అన్నకు పంపాడట. అన్న దాన్ని కోరుట్లలో రక్తపరీక్షలు చేసే తెలిసినాయనకు చూపించాడు. ఆయన ఫోన్‌ను అటూ ఇటూ జరిపి చూసి, "జీన్స్‌ల ఉన్నదంటే వంశంల ఉన్నట్టే. ఇగ లాభం లేదు" అని తేల్చేశాడు. అంతే, మా ఇంట్లో అందరూ తలోక చావునూ బయటికి తీసి దులపడం మొదలుపెట్టారు. మేనత్త చావు జీన్స్. జ్వరంతో పోయిన నాన్నది జీన్స్. మా తాత కల్లు తాగి బావిలో పడి పోయాడు. అది కూడా ఒకరకంగా జీన్సేనని మా మరిది అన్నాడట.

మూలుగ కలుస్తుందా లేదా చూసే పరీక్షను వీళ్లు రోగం వెతికే పరీక్ష అనుకున్నారు. సాంపిల్ ఇస్తే తమలో కూడా అదే బయటపడుతుందని వాళ్ల భయం. నేను ఫోన్లో ఎన్నిసార్లు చెప్పినా, నాకు ధైర్యం కోసం డాక్టర్లు అట్లా చెప్పి ఉంటారని సర్దుకున్నారు. అందుకని సాంపిల్‌కు బదులు ఒడిబియ్యం వచ్చింది.

అన్న బేసిను మంచం పక్కన దించాడు. నా బోడితల చూసి చూపు తిప్పుకున్నాడు.

"ఏందన్నా ఇది?"

"నీకు ఒడిబియ్యం పోసి మస్తు దినాలాయె చెల్లె. పొయ్యాలె అనిపించింది."

"పోయినేడే గదా పోసినవ్."

ఆయన వదిన వైపు చూశాడు. వదిన అందుకుంది. "మంచి దినమున్నదని వచ్చినమమ్మా. నీకు రాను పాణం బాగలేదు గదా, మేమే వచ్చినం. లే, జెర కూసో."

నన్ను పీట మీద కూర్చోబెట్టారు. ఆకుపచ్చ చీర భుజాల మీద కప్పారు. వదిన అప్పటికే వాడకట్టు ఆడవాళ్లకు చెప్పి వచ్చినట్టుంది, ఒకరి వెనుక ఒకరు వస్తున్నారు. డాక్టరమ్మ నన్ను పదిమందిలో ఉండొద్దని, ఎవరు దగ్గినా నాకు ప్రమాదమేనని మరీ మరీ చెప్పి పంపింది. ఇక్కడ నా చిన్న గదిలో నిలబడడానికి చోటు లేదు. జరుగుండ్రి అని అరవాల్సిన బస్సు ఇప్పుడు నా ఇంట్లోనే ఉంది.

తువ్వాల తీయగానే పసుపు వాసన వచ్చింది. అది మా అన్న చేను పసుపు. చిన్నప్పటి నుంచి ఆ వాసన నాకు ప్రాణం. నిజం చెబుతున్నా, కొంగు పట్టాలనిపించింది. ఈ మందులు, ఈ సూదులు ఏమీ వద్దు, అన్న పోసే బియ్యం పట్టుకుని పడుకుంటే చాలనిపించింది. అలసట మనిషిని అట్లా లొంగదీస్తుంది. వదిన రెండు చేతులా బియ్యం తీసుకుంది. తీసుకుంటూ ముఖం పక్కకు తిప్పి కళ్లు భుజానికి తుడుచుకుంది. ఒడి నింపేటప్పుడు ఎవరూ ఏడవరు. నవ్వుతారు, ఆడబిడ్డను ఆటపట్టిస్తారు. ఆ కన్నీళ్లు చూడగానే నాకు మళ్లీ ఒంట్లోకి సోయి వచ్చింది.

కొంగు గుప్పిట బిగించి పట్టుకున్నాను. "ఆగు వదినె. అన్నా, సాంపిల్ ఇచ్చినవా?"

వదిన చేతుల్లోంచి నాలుగు గింజలు కింద పడ్డాయి.

"గిప్పుడు గా ముచ్చట ఎందుకే?" అన్నాడు అన్న.

"గిప్పుడు కాకుంటె ఎప్పుడు? నేను పోయినంకనా?"

"పీట మీద కూసోని గసోంటి మాటలు అనద్దు బిడ్డా" అంది పక్కింటి పెద్దామె.

అన్నకు ముఖం ఎర్రబడింది. "ఇచ్చి ఏం జెయ్యాలె? నాకు సుత ఉన్నదని తేలుతది, గంతే గదా. తెల్సుకొని ఇద్దరం కూసోని ఏడుద్దామా? నాకు పిల్లలున్నరు."

"నాకు లేదా పిల్ల? వంశంల లేదని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పింది? నేను పుట్టినంక నాలనే చెడ్డది. నీ రక్తం మంచిదే. గందుకే అడుగుతున్న."

"జీన్స్ అంటె వంశం కాకుంటె ఏంది?"

లేచి నిలబడ్డాను. పీట మీద నుంచి ఒడి పట్టకుండా లేవకూడదు. గది నిండా ఆడవాళ్లు అయ్యో అయ్యో అన్నారు. నా భర్త భుజం పట్టుకున్నాను. ఆయన ఎప్పుడొచ్చి నా వెనుక నిలబడ్డాడో తెలియదు.

"నా ఒడి కాదన్నా, నా ఎముకలు ఒట్టిగున్నయి. పోస్తె అండ్ల పొయ్యి. లేకుంటె నీ బియ్యం నువ్వు తీస్కపో."

చెల్లె గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే చెప్పులు వేసుకుని పోయారు. తల్లిగారి బియ్యాన్ని కాలదన్నిందని మా సందు చివరకు చేరేసరికి ఆ మాట ఎంత పెద్దదైందో నాకు తెలుసు. అననీ. అన్న వంగి బేసిను ఎత్తుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "అమ్మ ఉంటె గిట్ల జేద్దువా?" అన్నాడు.

"అమ్మ ఉంటె నువ్వు గీ పాటికి హైదరాబాద్‌ల ఉందువు."

వాళ్లు పోయాక నా భర్త తలుపు వేసి, కింద పడ్డ నాలుగు బియ్యపు గింజలు ఏరి కిటికీలో పెట్టాడు. "మంచిగ చేసినవ్" అన్నాడు. తర్వాత చాలాసేపు నా పక్కన కూర్చున్నాడు. నాకు అప్పుడు భయం వేసింది. అన్న మళ్లీ ముఖం చూడకపోతే? చెల్లె కూడా అటే పోతే? కోపంలో ఉన్నంతసేపు భయం దగ్గరికి రాదు. కోపం దిగాక రెండింతలుగా వస్తుంది. అయినా చేసిన దానికి పశ్చాత్తాపం లేదు. నన్ను బతికుండగానే సాగనంపుతుంటే మర్యాద కోసం కూర్చోవడం నా వల్ల కాదు.

ఇక్కడ ఒక సంగతి ఉంది. మా ఇళ్లల్లో ఒకసారి ఆడబిడ్డ పేరు మీద పసుపు కలిపిన బియ్యాన్ని తల్లిగారు వండుకోకూడదు. ఇంకొకరికి ఇవ్వకూడదు. పారేయడం అంతకంటే తప్పు. ఆ బియ్యం ఆడబిడ్డ పొయ్యి మీదే ఉడకాలి. నేను కోపంలో తిప్పి పంపేటప్పుడు ఇదేమీ ఆలోచించలేదు. ఆ బేసిను కోరుట్లకు పోయి, మా అన్న ఇంట్లో దేవుని అర్ర మూలన కూర్చుంది. ఆ ఇంట్లో దీపం పెట్టాలన్నా దాన్ని దాటుకునే పోవాలి.

నేను మళ్లీ హైదరాబాద్ పోయి మందులు ఎక్కించుకుంటున్నాను. ఒకరోజు మధ్యాహ్నం మా చెల్లె ఒక్కతే వార్డు బయట కనిపించింది. జగిత్యాల నుంచి పొద్దటి బస్సుకు వచ్చిందట. చీరకు ఇంకా నూనె వాసన వస్తోంది, బండి మీద వడలు వేసి అట్లాగే వచ్చినట్టుంది.

"ఇచ్చొచ్చిన అక్కా" అంది మాస్కు లోపల నుంచి.

"ఏమిచ్చినవే?"

"సాంపిల్. సూదనుకున్న. దూది పుల్లతోని చెంప లోపట తుడిసిండ్రు, గంతే. నువ్వు బియ్యం ఒద్దన్ననాడు నాకు మస్తు సిగ్గైంది. గా బేసిన్ ఒక దిక్కు నేనే గదా పట్టుకున్న."

దాని చెంప నిమరాలనిపించింది. ముట్టుకోవద్దు కాబట్టి తిట్టాను. మా ఇద్దరికీ అదే అలవాటు.

వారం దాటాక ఫలితం వచ్చింది, దానిది సగమే కలిసింది. సగంతోనూ ఎక్కిస్తారట, కానీ పూర్తిగా కలిస్తే నాకు మంచిదని డాక్టరమ్మ చెప్పింది. అన్నను ఒకసారి రమ్మనండి అంది. ఫలితం కోసం మళ్లీ వచ్చిన చెల్లె అక్కడే వరండాలో నిలబడి అన్నకు ఫోన్ కలిపింది. అది అంత గట్టిగా మాట్లాడడం నేను ఎన్నడూ వినలేదు.

"అన్నా, నేనిచ్చిన. నా దాంట్ల ఏం బయటపడలే. వాళ్లు రోగం చూస్తలేరు, జోడు కలుస్తదా లేదా చూస్తున్నరు. నాది సగమే కలిసింది. ఇగ నువ్వే ఉన్నవ్. వస్తవో రావో నీ ఇష్టం. రాకుంటె నాకు సుత ఒడిబియ్యం పొయ్యద్దు."

చెల్లె అటువైపు మాట కోసం ఆగకుండా ఫోన్ పెట్టేసి, తనెంత గట్టిగా అరిచిందో తలుచుకుని నవ్వింది.

రెండు రోజులకు వదిన ఫోన్ చేసింది. ఎట్లున్నవని అడిగింది, తిన్నవా అని అడిగింది, ఆ తర్వాత అసలు మాటకొచ్చింది. "మీ అన్న దేవుని అర్రలకు పోతలేడు. అడిగితె గా బియ్యం నన్నే చూస్తున్నయి అంటున్నడు. పురుగన్న పడితె తీసేద్దుము, పసుపు గట్టిది, పురుగు పడ్తలేదు" అంది. నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది, రెండూ ఆమెకు వినబడకుండా ఫోన్ దూరం పెట్టుకున్నాను.

ఆ వారంలోనే అన్న వచ్చాడు. ముందు చెప్పలేదు. పరీక్ష ఇచ్చేశాకే నా దగ్గరికి వచ్చి, ఇస్త్రీ చొక్కాలో వార్డు అద్దం అవతల నిలబడ్డాడు. ఫోన్లో, "అయిపోయింది. దూది పుల్ల, గంతే" అన్నాడు, అది తనే కనిపెట్టినట్టు. పసుపు ఉడకబెట్టీ ఉడకబెట్టీ పసుపెక్కిన గోళ్లు అద్దానికి ఆనించి పెట్టాడు.

అన్నది మొత్తం కలిసింది.

కణాలు ఇచ్చిన రోజు, మూలుగంటే వెన్నులో గుచ్చి తీస్తారని ఆయన భయపడిన సూది కూడా లేదు. ముందు కొన్ని రోజులు ఇంజెక్షన్లు ఇచ్చారు, ఒళ్లునొప్పులని మూలిగాడు. తర్వాత ఒక చేతి నుంచి రక్తం తీసి, మిషన్‌లో కావలసిన కణాలు పట్టుకుని, మిగతాది ఇంకో చేతికి ఎక్కించారు. అంతసేపూ ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడని వదిన చెప్పింది. నాకు మాత్రం అంతకుముందే మిగిలిన మూలుగంతా మందులతో కడిగేశారు. ఆ రోజులు ఇక్కడ రాయను. నోట్లో నీళ్లు కూడా నిలవని రోజులవి. అప్పుడు ఎవరైనా ఒడిబియ్యం తెచ్చి ఉంటే పట్టేదాన్నేమో.

కణాలు చిన్న సంచిలో వచ్చాయి. పలచటి ఎరుపు, అంతే. ఇంత దానికా ఇంత కథ అనిపించింది. స్టాండుకు తగిలించి చుక్క చుక్క వదిలారు. అద్దం అవతల అన్న రెండు చేతులూ దోసిలిపట్టి, ఏదో పోస్తున్నట్టు కిందికి వంచాడు. నేను పడుకున్నచోటే దుప్పటి అంచు పట్టుకుని ఒడిలా చాపాను. లోపలున్న నర్సుకు మేమేం చేస్తున్నామో అర్థం కాలేదు.

ఇది జరిగి ఏడాది దాటింది. ఇప్పుడు నా రక్తం తీసి చూస్తే అందులో కనబడేది మా అన్నే. బ్లడ్ గ్రూపు కూడా ఆయనదే వచ్చింది. వంశంలో ఉందని భయపడి దాచుకున్న రక్తమే ఇప్పుడు నాలో తిరుగుతోంది. "మీ అన్న రక్తం ఎక్కినంకనన్న నీ నోరు తగ్గుతదనుకుంటి" అని వదిన ఆటపట్టిస్తుంది. పిరికి రక్తం నా దగ్గరికొచ్చాకే బాగుపడిందని నేనంటాను. ఎఫ్ఎల్‌టీ త్రీ జాడ మొన్నటి పరీక్షలో కనబడలేదు. మొదటి రెండేళ్లు గడవాలని, అప్పటిదాకా ఏమీ చెప్పలేమని డాక్టరమ్మ అంటుంది. చెప్పొద్దులే మేడమ్ అన్నాను. ఆ రిపోర్టు మీద నాకు కోపం లేదు. మాత్ర వేసుకోమనీ, మూలుగ ఎక్కించుకోమనీ దారి చూపింది అదే. దాన్ని చావు చీటీలా చదివినవాళ్ల మీదే నా కోపం.

పోయిన నెల ముఖానికి మాస్కు పెట్టుకుని, వేలెడంత పెరిగిన జుట్టు మీద కొంగు కప్పుకుని, కోరుట్ల బస్సెక్కాను. చాలాకాలానికి ప్రయాణికురాలిగా. వేములవాడలో సగం బస్సు దిగిపోయింది. నేను కిటికీ పక్కన కదలకుండా కూర్చున్నాను.

అన్న ఇంట్లో పీట వేసి ఉంది. వదిన కొత్త బియ్యం చెరుగుతోంది, చెల్లె నాకంటే ముందే వచ్చి ఆమె పక్కన కూర్చుంది. నేను దేవుని అర్ర వైపు చూశాను. బేసిను అక్కడే ఉంది, అదే తువ్వాల.

"గా బియ్యమే పొయ్యి" అన్నాను.

"అవ్వి ఒద్దే, పాతవడ్డయి" అన్నాడు అన్న. ఆయన వద్దన్నది పాతవైనందుకు కాదని మా అందరికీ తెలుసు. అవి ఎందుకు కలిపిన బియ్యమో ఆయన మరిచిపోలేదు.

"నా పేరు మీద కల్పినయి గదా. నేనే వండుకోవాలె. పాత బియ్యం మంచిగ ఒదుగుతయి."

వదిన పోసింది, చెల్లె పోసింది, ఆఖరున అన్న పోశాడు. ఈసారి కన్నీళ్లు తుడుచుకున్నది ఆయన. మా ఇంటి ఆనవాయితీ ప్రకారం ఆడబిడ్డ తన ఒడిలోంచి కొన్ని గింజలు తిరిగి తల్లిగారింట్లో పోయాలి, ఆ ఇల్లు నిండుగా ఉండాలని. నేను పిడికిళ్లతో పోస్తుంటే అన్న మెల్లగా అడిగాడు.

"మళ్ల ఎప్పుడే?"

"మూడేండ్లకు. నేనే వస్త. గప్పుడు కొత్తయి పొయ్యాలె" అన్నాను.

మూట నెత్తిన పెట్టుకుని బస్సుకు పోయాను. నన్ను సాగనంపడానికి పసుపు కలిపిన బియ్యాన్ని మర్నాడు నా పొయ్యి మీద వండి, వాడకట్టుకంతా పెట్టి, నేను రెండోసారి వడ్డించుకున్నాను.